ఒట్టి సాయి చాలు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక మెసేజ్ వచ్చింది. పిల్లలకు సాయి అన్న పేరు పెట్టకండి, అది మన పేరు కాదు, ఎవరో ఫకీరు పేరు, ఇదివరకే పెట్టుకున్నవాళ్ళు మార్పించుకుంటే మంచిది అని. పెట్టినాయన మాకు వరసకు చిన్నాయన. ఆ గ్రూపులో పేరులో సాయి ఉన్న పిల్లలు చాలామందే ఉన్నారు. అందరూ చదివినారు. ఒక్కరూ ఏమీ అనలేదు. నాకు బాధ కలిగింది అక్కడే. పుట్టినప్పటి నుంచి ఒక పేరుతో బతికినవాళ్ళకు, నీ పేరు నీది కాదు అని చెప్పడం చిన్న మాట కాదు.

సరిగ్గా అదే సమయానికి మా తమ్ముని కూతురు పురిటికని అనంతపురం వచ్చి ఉంది. కొడుకైనా కూతురైనా సాయి అనే పెట్టుకుంటానని మొదట్నుంచీ చెబుతూ వచ్చింది. కూతురు పుట్టింది. అత్తగారిది కర్నూలు. ఆ మెసేజ్ వాళ్ళ దాకా పోయింది, అదొక టెన్షన్. దానికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి. "ఆడపిల్లకు ఒట్టి సాయి ఏమిటమ్మా? సాయిశ్రీ అనో సాయిలక్ష్మి అనో పెట్టుకో. వినేవాళ్ళకు ఆడపిల్లని తెలియల్ల కదా" అని వాళ్ళత్త. ఆ పిల్ల నాకు ఫోను చేసింది. "అత్తా, ఇన్నేండ్లు బడిలో పేర్లు పిలిచినదానివి, నువ్వు చెప్పు."

ఫోనులో రెండు ముక్కలే చెప్పగలిగాను. ఇక్కడ తీరిగ్గా చెబుతాను. సాయి మన సీమకు బాగా అతికిన పేరు. ఆడపిల్లకైనా మగపిల్లవానికైనా వెనకాల ఏమీ తగిలించకుండా ఒట్టి సాయిగా పెట్టుకుంటేనే దాని విలువ నిలబడుతుంది. ముందే ఒక మాట, నేను బాబా భక్తురాలిని కాను. గురువారం ఒక్కపొద్దు ఉండే అలవాటు కూడా లేదు.

ఫకీరు పేరైతే ఏమి?

నార్పల పక్కన ఒక ఊళ్ళో కొన్నేళ్ళు తెలుగు టీచరుగా పనిచేశాను. గూగూడు అక్కడికి దగ్గరే. గూగూడులో పీర్ల పండగకు కుళ్ళాయిస్వామిని ఎత్తుతారు. మన జిల్లాల నుంచే కాదు, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. చక్కెర చదివింపులు ఇచ్చి మొక్కు తీర్చుకుంటారు. కుళ్ళాయి అంటే టోపీ. ఆ స్వామికి మొక్కుకున్నాక పుట్టిన పిల్లలకు ఆయన పేరే పెడతారు. నా హాజరు పట్టీలో కుళ్ళాయప్పలు ఉండేవాళ్ళు, కుళ్ళాయమ్మలు ఉండేవాళ్ళు. వాళ్ళలో ముస్లింలు ఉన్నారు, హిందువులు ఉన్నారు, హిందువుల్లో రకరకాల కులాలవాళ్ళు ఉన్నారు.

ఒకసారి పిల్లల స్కాలర్‌షిప్పు ఖాతాలు తెరవడానికి బ్యాంకు నుంచి ఒకాయన బడికి వచ్చాడు. కోస్తా మనిషి, ఈ పక్కకు కొత్త. జాబితా చూసి, "మేడమ్, ఈ కుళ్ళాయప్ప ముస్లిమా హిందువా?" అన్నాడు. తండ్రి పేరు చూస్తే తెలుస్తుందని పక్క గడిలోకి చూశాడు. తండ్రి పేరు దస్తగిరి. ఆయన పెన్ను అక్కడే ఆగిపోయింది. పిల్లవాడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు, నుదుట బొట్టు పెట్టుకుని. దస్తగిరి అంటే చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడని పారశీకంలో అర్థం. బాగ్దాదులో సమాధి అయిన అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఉన్న బిరుదు అది. ఎక్కడి బాగ్దాదు, ఎక్కడి నార్పల! అయినా మన దగ్గర దస్తగిరి అన్న పేరు విని, అదేం పేరని ఎవరూ అడగరు. దస్తగిరమ్మలూ ఉన్నారు.

ఇంకా సూటిగా చెప్పాలంటే, ఫకీరప్పలూ ఫకీరమ్మలూ మనకు ఎప్పటి నుంచో ఉన్నారు. పెనుకొండ దర్గా బాబయ్యస్వామి పేరు పెట్టుకున్న బాబయ్యలు ఉన్నారు. కడపలో ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోయి కాయా కర్పూరం ఇచ్చి వస్తారు. కడప పెద్ద దర్గాకు హిందువులు పోతారు. ఇట్లాంటి చోట 'ఫకీరు పేరు' అన్న మాట తిట్టుగా ఎట్లా పనికి వచ్చిందో నాకు అర్థం కాదు. ఆ మెసేజ్ రాసినవాళ్ళు మన ఊళ్ళు చూసి ఉండరు. చూసిన మా చిన్నాయన దాన్ని పంపించడమే నాకు మింగుడు పడటం లేదు.

పేరుకు రెండు పుట్టుకలు

సాయి అన్నది పరాయి మాట అన్న వాదన కూడా నిలవదు. సంస్కృతంలోని స్వామి ప్రాకృతాల గుండా నడిచి ఉత్తరాది భాషల్లో 'సాయీ' అయింది. కబీరు దోహాల్లో దేవుణ్ణి పిలిచే మాట ఇదే. సింధులో ఇప్పటికీ పెద్దమనిషిని గౌరవంగా పిలవాలంటే ఇదే. పంజాబు, సింధు పక్క సూఫీ ఫకీర్లను అట్లాగే పిలిచేవాళ్ళు. షిర్డీకి ఒక పెళ్ళివాళ్ళ బండ్ల వెంట వచ్చిన యువకుణ్ణి ఖండోబా గుడి దగ్గర మహల్సాపతి అనే పూజారి 'రా, సాయీ' అని పిలిచాడనీ, అదే పేరయిందనీ భక్తులు చెప్పుకుంటారు. ఆయన అసలు పేరు ఏమిటో, ఏ మతంలో పుట్టాడో ఎవరికీ తెలియదు. మసీదులో ఉన్నాడు, దానిని ద్వారకామాయి అన్నాడు. 1918లో విజయదశమి నాడు పోయాడు.

స్వామి నుంచే మన 'సామి' కూడా వచ్చింది. అనంతపురంలో ఎవరిని కదిలించినా "ఏం సామీ, బాగుండావా?" అనే కదా. పసిబిడ్డను ఎత్తుకున్న అవ్వ "నా సామి" అని ముద్దు చేస్తుంది, ఆ బిడ్డ ఆడా మగా అని చూడదు. అంటే సాయి మనకు వేరే దారిన వచ్చిన చుట్టం, అంతే.

ఇక రెండో పుట్టుక. మరాఠీలో 'సఈ' అన్న ఆడపేరు ఒకటి ఉంది. సఖి అన్న మాట అరిగి సఈ అయింది, అంటే నేస్తురాలు. శివాజీ మొదటి భార్య సయీబాయి, శంభాజీ తల్లి, 1659లో పోయింది. అంటే షిర్డీ బాబా కంటే రెండు వందల ఏళ్ళ ముందే ఈ పేరుతో ఆడవాళ్ళు ఉన్నారు. సినిమాలు తీసిన సయీ పరాంజపే పేరు కూడా ఇదే. తెలుగులో మనం ఆమెను చాలాసార్లు సాయి పరాంజపే అనే రాస్తాం. వినికిడికి ఒకటే అనిపించినా మూలాలు వేరు. ఒకటి స్వామి, ఒకటి సఖి. మన సాయి రెండోదాని నుంచి రాలేదు, ఆ సంగతి నేను కలిపి చెప్పను. కానీ సాయి అనేది మగవాళ్ళ పేరు, ఆడపిల్లకు నప్పదు అనేవాళ్ళకు ఇంత మాత్రం చెప్పవచ్చు, మహారాష్ట్రలో దాదాపు ఇదే పలుకుబడి ఉన్న పేరు వందల ఏళ్ళుగా ఆడవాళ్ళది.

ఉరవకొండ నుంచి సినిమా హాలు దాకా

షిర్డీ మహారాష్ట్రలో ఉంది. పేరు మాత్రం మా జిల్లాలో వేరూనినట్టు ఇంకెక్కడా వేరూనలేదేమో అనిపిస్తుంది నాకు. కారణం అందరికీ తెలిసిందే. పుట్టపర్తిలో 1926లో పుట్టిన సత్యనారాయణ రాజు 1940లో, పదమూడేళ్ళ వయసులో, తాను సాయిబాబానని చెప్పాడు. అప్పటికి ఆ పిల్లవాడు ఉరవకొండ హైస్కూల్లో చదువుతున్నాడు. షిర్డీ బాబా పోయి అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఆ పేరు ఈ పక్క పల్లెల్లో ఎంతమందికి తెలిసి ఉంటుంది? షిర్డీ బాబాను దక్షిణాదిలో ఊరూరా చెప్పిన బి.వి. నరసింహస్వామి మద్రాసులో అఖిల భారత సాయి సమాజం పెట్టి తిరుగుతున్న కాలం కూడా ఇంచుమించు అదే. తర్వాత తెలుగువాళ్ళకు షిర్డీ బాబా మీద ఎక్కిరాల భరద్వాజ రాతలు వచ్చాయి.

అయినా పేరు వెంటనే పాకలేదు. నేను చదువుకునే రోజుల్లో నా తరగతిలో సాయి అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఓబులేసులు, సుంకన్నలు, మారెక్కలు, హనుమక్కలు, నారాయణమ్మలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా బడి మొత్తానికి ఒకరో ఇద్దరో. 1986లో విజయచందర్ బాబాగా వేసిన సినిమా వచ్చింది. చిన్న చిన్న ఊళ్ళ టూరింగు టాకీసులకు కూడా బండ్లు కట్టుకుని పోయి చూశారు జనం. ఆ తర్వాత పుట్టినవాళ్ళు ఆరో తరగతికి వచ్చేసరికి 97, 98. అప్పుడు మొదలైంది నాకు. తరగతికి నలుగురు, ఐదుగురు సాయిలు. దానికి తోడు 1991లో పుట్టపర్తి పెద్దాసుపత్రి, ఆ తర్వాత జిల్లాలో 700కు పైగా ఊళ్ళకు సత్యసాయి నీళ్ళు. ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయిన ఊళ్ళకు కొళాయిలో మంచినీళ్ళు వచ్చాయి. భక్తి లేనివాళ్ళు కూడా ఆ కృతజ్ఞతతో బిడ్డకు సాయి పేరు పెట్టడం నేను చూశాను. ఒక తల్లి నాతో అన్నది, "నీళ్ళు వచ్చిన ఏడు పుట్టింది మేడమ్, ఇంకేం పేరు పెడతాం?"

బాబాల మధ్య తేడాలు, పుట్టపర్తి మీద వచ్చిన విమర్శలు, ఇవన్నీ ఉన్నాయి. తెలియక కాదు. పేరు పెట్టుకున్న తల్లి వాటిని తూచి పెట్టలేదు. ఆమె తనకు అందిన మేలును చూసింది.

నోట్లో ఒకటి, కాగితం మీద ఒకటి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన పాత పేర్లలో దేవుడి పేరు ఆడా మగా ఇద్దరికీ ఒకటే, తోకలోనే తేడా. ఓబులేసు, ఓబులమ్మ. సుంకన్న, సుంకమ్మ. మారెప్ప, మారెక్క. నాగప్ప, నాగమ్మ. ఈ తోకకు ఇంకో పని కూడా ఉండేది. మనిషి స్థాయిని బట్టి అది మారేది. ఊళ్ళో కలిగినవాళ్ళకు అప్ప, అన్న ఉండేవి. లేనివాళ్ళను అదే ఊళ్ళో పెద్దవాళ్ళు 'గాడు' చేసి, 'ది' చేసి పిలిచేవాళ్ళు. ఎనభై ఏళ్ళ మారెప్పను పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు మారిగాడా అనడం నా చెవులతో విన్నాను. తోక ఉన్నంతకాలం దాన్ని పీకి ఇంకొకటి తగిలించే అధికారం ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

తోక లేని పాత పేర్లు లేకపోలేదు. రత్నం, మాణిక్యం, ముత్యాలు, తులసి, ఇవి ఇద్దరికీ పెట్టేవాళ్ళు. అవి ఇప్పుడు దాదాపు పోయాయి. జ్యోతి బెంగాల్లో మగవాళ్ళది కూడా, జ్యోతిబసు ఉన్నాడు కదా, మన దగ్గర పూర్తిగా ఆడపిల్లలదైంది. కిరణ్, శశి ఇంకా అటూ ఇటూ ఉన్నాయి.

సాయి వచ్చాక తోక లేని పేరుకు మళ్ళీ అవకాశం వచ్చింది. మనం వదులుకున్నాం. కాగితం మీద మగపిల్లలు సాయికుమార్, సాయికిరణ్, సాయికృష్ణ, సాయితేజ. ఆడపిల్లలు సాయిలక్ష్మి, సాయిప్రియ, సాయిశ్రీ, సాయిదుర్గ. ఇంట్లో, వీధిలో, ఆటలో మాత్రం అందరూ సాయే. నేను తరగతి గుమ్మంలో నిలబడి "సాయీ" అంటే ఆడపిల్లల వరుసలో ఇద్దరు, మగపిల్లల వరుసలో ముగ్గురు లేచి నిలబడేవాళ్ళు. "ఏ సాయి మేడమ్?" అని ఐదుగురూ ఒకేసారి అడిగేవాళ్ళు. నేను ఇంటిపేరుతో పిలిచేదాన్ని. వాళ్ళు తమలో తాము మాత్రం గొడవ లేకుండా సర్దుకున్నారు. పొడుగు సాయి, పాల సాయి, బస్టాండు సాయి. పాలు పోసే ఇంటి పిల్ల పాల సాయి. అందులో ఆడా మగా అన్న గుర్తు ఎక్కడా లేదు. పిల్లలకు అవసరం పడలేదు.

అంటే జనం నోట్లో ఇది ఎప్పుడో ఇద్దరి పేరూ అయిపోయింది. కాగితమే వెనకబడి ఉంది. నేను కోరేది ఏమీ కొత్తది కాదు. నోట్లో ఉన్నదాన్నే కాగితం మీద రాయమంటున్నాను.

తోక పెట్టేది ఎవరో కూడా చెప్పాలి. చాలాసార్లు తల్లిదండ్రులు కాదు, బడి. మా కాలంలో పిల్లవాణ్ణి బడికి తీసుకొస్తే సారు ఏది రాస్తే అదే పేరు, సారు ఏది వేస్తే అదే పుట్టినరోజు. తండ్రి సాయి అంటే, "సాయి అంటే ఏం సాయి?" అని రాసేవాళ్ళ ప్రశ్న. "ఒట్టి సాయే సార్" అని ఆయన. "ఒట్టి సాయి ఏమిటయ్యా, బాగుండదు" అని కుమార్ తగిలించేవాళ్ళు. ఆడపిల్లయితే కుమారి. పదో తరగతి మెమో వచ్చేదాకా తమ బిడ్డ పేరు చివర కుమారి ఉందని తెలియని ఇళ్ళు ఉన్నాయి.

ఒక అమ్మాయికి జరిగింది

తోక లేని పేరుతో చిక్కులు లేవా అంటే ఉన్నాయి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి ఇంటిపేరు, దాని తర్వాత సాయి, అంతే. పది మంచి మార్కులతో పాసై ఇంటర్‌కు ఊరు వదిలి పోయింది. అక్కడి కాలేజీ హాస్టలు జాబితాలో ఆమె పేరు అబ్బాయిల పక్క వేశారు. తండ్రి పెట్టె, బొంత మోసుకుని పోయి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ రాత్రి తెలిసినవాళ్ళ ఇంట్లో తలదాచుకున్నారు. మరుసటి రోజు సరిచేశారు. సరిచేస్తూ అక్కడి గుమాస్తా ఆయనతో అన్న మాట, "ఇంకో రెండక్షరాలు ఎక్కువ పెట్టుకుని ఉంటే ఈ గోల ఉండేది కాదు కదా పెద్దాయనా."

తండ్రి ఆ మాటకు కుంగిపోయి నా దగ్గరకు వచ్చాడు, పేరు మార్పించడానికి గెజిట్‌కు ఎట్లా రాయాలో అడగడానికి. కూతురు పక్కనే ఉంది. "నా పేరు తప్పు కాదు మేడమ్. ఫారంలో ఆడ, మగ అని వేరే గడి ఉంది. నేను టిక్కు పెట్టినాను. వాళ్ళు ఆ గడి చూడలేదు" అన్నది. నేను ఈ వ్యాసంలో ఎంత రాసినా ఆ పిల్ల చెప్పినంత సూటిగా చెప్పలేను. ఆడా మగా తెలుసుకోవడానికి ప్రతి ఫారంలోనూ గడి ఉంది. ఆ పని కూడా పేరే చేయాలని ఎందుకు? ఆధార్‌లో ఉంది, రేషన్ కార్డులో ఉంది, ఓటరు కార్డులో ఉంది. గడి చూడనివాళ్ళ బద్ధకానికి బిడ్డ పేరు మార్చుకోవాలా?

కానీ ఒక అనుమానం నన్ను ఇప్పటికీ వదలదు. ఆ జాబితా చేసిన మనిషికి సాయి అని చూడగానే అబ్బాయే ఎందుకు తోచింది? ఇద్దరికీ చెల్లే పేరు అని మనం అంటాం, కానీ చూసేవాళ్ళ బుర్రలో అది ముందు మగపేరే. ఆడపిల్ల ఆ పేరు పెట్టుకుంటే అడుగడుగునా నేను ఆడపిల్లనని చెప్పుకోవాల్సి వస్తుంది, మగపిల్లవానికి ఆ బాధ లేదు. ఇద్దరికీ చెల్లే పేరులో బరువు మాత్రం ఒకరి మీదే పడుతుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతవరకు ఇదీ: ఒట్టి సాయి అన్న ఆడపిల్లలు పదిమంది ఉంటే ఆ గుమాస్తా గడి చూసి ఉండేవాడు. ఒక్కతే ఉంది కాబట్టి చూడలేదు.

ఇంగ్లీషువాళ్ళ పేర్లలో ఇంకో రకం జరిగింది. లెస్లీ, ఆష్లీ ఒకప్పుడు మగవాళ్ళ పేర్లు. ఆడపిల్లలకు పెట్టడం ఎక్కువయ్యాక మగపిల్లలకు పెట్టడం తగ్గిపోయింది, ఆడపేరయిందని. సాయికి అట్లా జరగలేదు. పల్లవి అనే అమ్మాయి పేరు ముందూ సాయి ఉంది, బ్యాడ్మింటన్ ఆడిన ప్రణీత్ పేరు ముందూ సాయి ఉంది. ఆడపిల్లలు పెట్టుకున్నారని మన మగపిల్లల తండ్రులెవరూ ఈ పేరును వదిలేయలేదు. ఇది మెచ్చుకోవాల్సిన సంగతి.

అందరి పేరేనా?

సాయిలో కులం కనబడదు, అది దాని ఇంకో మేలు అని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. ఒక పాత విద్యార్థి నాతో వాదించాడు. "పేరులో కనబడకపోతే ఏమి మేడమ్, ఇల్లు బాడుగకు అడిగితే 'మీరేమిటోళ్ళు?' అనే కదా మొదటి మాట" అన్నాడు. నిజమే. కర్నూలులో ఇల్లు వెతుక్కున్నప్పుడు ఆ పిల్లవాడు ఎన్ని గుమ్మాల దగ్గర ఆ మాట విన్నాడో నాకు తెలుసు. పేరు కులాన్ని చెరపలేదు, ఒప్పుకుంటాను. కానీ అడగకుండానే చెప్పే పేరుకూ, అడిగితే గానీ తెలియని పేరుకూ తేడా ఉంది. అడిగినవాడు తాను అడిగానన్న సంగతిని దాచలేడు. ఇప్పటి పిల్లలు సాయి పక్కన రెడ్డి, యాదవ్, రాయల్ అని బండ్ల మీద రాయించుకుంటున్నారు. ఆ తోక రాగానే సాయిలో ఉన్న మేలంతా పోయింది.

ఇంకో లోటు కూడా ఉంది. ముస్లింల ఇళ్ళల్లో సాయి పేరు నాకు తగల్లేదు. కుళ్ళాయప్ప, దస్తగిరి ఇద్దరి ఇళ్ళల్లోనూ ఉన్నట్టు ఇది లేదు. మసీదులో కూర్చుని ధుని వెలిగించినాయన పేరు చివరకు ఒక పక్కకే మిగిలింది. గుళ్ళు కట్టి, పాలరాతి విగ్రహాలు పెట్టి, అభిషేకాలు మొదలుపెట్టాక అది సహజంగానే జరిగి ఉంటుంది. అందుకే నా లెక్కలో కుళ్ళాయి సాయి కంటే పెద్ద పేరు. సాయిని అంత పెద్దది చేయలేకపోయాం, ఉన్నదాన్ని కూడా ఇప్పుడు చిన్నది చేస్తున్నాం.

తగ్గడం వేరు, తరమడం వేరు

ఇటీవల ఆరో తరగతి పట్టీల్లో సాయిలు బాగా తగ్గారు. ఇంటర్నెట్‌లో వెతికి పెట్టిన పేర్లు వస్తున్నాయి, అర్థం అడిగితే తల్లిదండ్రులకే ఒక్కోసారి గుర్తుండదు. పేరు వేరెవరికీ ఉండకూడదన్నది ఇప్పటివాళ్ళ పట్టుదల. మా తమ్ముని కూతురి స్నేహితురాలు బెంగళూరులో పనిచేస్తుంది. తన టీములోనే సాయిలు ముగ్గురున్నారు, ఈమెయిల్ ఒకరిది ఒకరికి పోతోంది, అందుకే తన కొడుక్కి ఆ పేరు వద్దనుకున్నానని చెప్పింది. ఆ ఇబ్బంది నిజమే.

కానీ మన పెద్దవాళ్ళు ఒకే ఇంట్లో పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు అని ముగ్గురు కొడుకులకూ ఒకే పేరు పెట్టారు. పేరు ఒక్కరి సొత్తు అన్న ఆలోచనే వాళ్ళకు లేదు. అది మొక్కు, అందరిదీ. మనిషి వేరని చెప్పడానికి పేరే కావాలా? బడిలో ముగ్గురు సాయిలు నాకు ఎప్పుడూ ఒకేలా కనబడలేదు. ఒకడు లెక్కల్లో గట్టివాడు, ఒకామె కబడ్డీ ఆడేది, ఇంకొకడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు.

పేర్లు వస్తాయి, పోతాయి. ఒక తరంలో సాయిలు ఎక్కువైతే వాళ్ళు తమ పిల్లలకు వేరేవి పెట్టుకుంటారు, అందులో తప్పేమీ లేదు. 2011లో సత్యసాయి పోయాక పుట్టపర్తిలో సందడి తగ్గింది, దాంతో పేరు కూడా కొంత తగ్గి ఉండవచ్చు. 2022లో జిల్లా పేరే శ్రీ సత్యసాయి అయింది గానీ, జిల్లాకు పేరు పెట్టినంత మాత్రాన ఉయ్యాల్లో పేర్లు పెరగవు. ఇదంతా తగ్గడం. 2014లో ద్వారకా పీఠాధిపతి స్వరూపానంద సరస్వతి షిర్డీ బాబాను దేవుడిగా కొలవకూడదన్నారు. 2024లో కాశీలో కొన్ని గుళ్ళ నుంచి బాబా విగ్రహాలు తీసేశారు. ఆ గాలి ఇప్పుడు మా వాట్సాప్ దాకా వచ్చింది. ఇది తరమడం. ఆయన దేవుడా కాదా అన్న వాదన పీఠాధిపతులు చేసుకోనీ. బిడ్డ పేరు పూజ కాదు. కుళ్ళాయప్ప అని పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ పీరును ఎత్తరు. వెంకటేశు అని పేరున్నవాళ్ళందరూ తిరుమల కొండ ఎక్కరు. పేరులో ఉండేది ఒక ఊరి జ్ఞాపకం, ఒక అవ్వ మొక్కు, ఒక ఏడు వచ్చిన నీళ్ళు. దానిని తీసేయమనే హక్కు బయటివాళ్ళకు లేదు.

పేరు గడి నింపేటప్పుడు

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, పేరు ఖాయమయ్యే చోటు మారింది. ఇదివరకు బడిలో మార్చుకునే వీలు ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేర్చడానికి, ఆధార్‌కు, పాస్‌పోర్టుకు, అన్నిటికీ పుట్టిన తేదీ ఆధారం జనన ధ్రువపత్రమే. అందులో ఉన్న పేరుతోనే మిగతావన్నీ నడుస్తాయి. హెడ్‌మాస్టరు గానీ గుమాస్తా గానీ తోక తగిలించే కాలం పోయింది. అది మంచికే వచ్చింది. ఇప్పుడు తగిలిస్తే మనమే తగిలించాలి, మానుకుంటే మనమే మానుకోవాలి.

ఆసుపత్రిలో నమోదు రాసేవాళ్ళు తొందర పెడతారు. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు కావాలి, నిజమే. కానీ అప్పుడే పేరు చెప్పి తీరాలని లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా రాయించుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ళ దాకా వీలుంది. నక్షత్రం చూసుకునేవాళ్ళకు శతభిషం రెండో పాదానికి 'సా' అక్షరమే. మిగతా నక్షత్రాలవాళ్ళు జాతకం పేరు వేరే పెట్టుకుని పిలిచే పేరు సాయి అని ఉంచుకోవచ్చు, మన ఇళ్ళల్లో ఎప్పుడూ జరిగేదే. ఇంటిపేరు ఎట్లాగూ ఉంటుంది కాబట్టి, పాస్‌పోర్టులో ఒకటే పేరు ఉంటే వచ్చే చిక్కు కూడా రాదు. సంఖ్యాశాస్త్రం పేరు చెప్పి ఇంగ్లీషులో అదనంగా ఒక 'ఐ' గానీ 'వై' గానీ చేర్పించకండి, ఒక కాగితంలో ఒకటి, ఇంకో కాగితంలో ఇంకొకటి పడి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. రాసేవాళ్ళు "సాయి అంటే ఏం సాయి?" అని అడుగుతారు. ఒట్టి సాయే అని చెప్పి, కాగితం చేతికి ఇవ్వకముందే ఒకసారి చదివి చూసుకోండి.